ఒకే మొక్క, ఆరు వాసనలు

మా మేనకోడలు ఫ్రాన్స్‌లో చదువుకుంటోంది. పోయినసారి సెలవులకు వచ్చినప్పుడు బొటనవేలంత సీసాలు రెండు తెచ్చింది. రెండింటి మీదా ఒకటే పేరు, థైమ్ సుగంధ తైలం. కింద సన్నటి అక్షరాల్లో మొక్క శాస్త్రీయ నామం కూడా ఒకటే, థైమస్ వల్గారిస్. మొదటి సీసా మూత తీసి మా అమ్మ ముక్కు దగ్గర పెట్టింది. అమ్మ ఆలోచించను కూడా లేదు. "వామే కదే! దీనికోసం అంత దూరం వెళ్ళాలా?" అంది. రెండో సీసా తీసింది. అమ్మ ఈసారి రెండు మూడుసార్లు వాసన చూసింది. "ఇది వాము కాదు. ధనియాలు నలిపినట్టుంది. ఏదో పువ్వు వాసన కూడా తగుల్తోంది" అంది. "రెండూ ఒకటే మొక్క, నాయనమ్మా" అంటే నమ్మలేదు. అంగడివాడు నిన్ను మోసం చేశాడని తేల్చేసింది.

అమ్మ ముక్కు తప్పు చెప్పలేదు, అంగడివాడూ మోసం చేయలేదు. మొదటి సీసాలో ఎక్కువ భాగం థైమాల్ అనే పదార్థం. మన వాముకు ఆ ఘాటు ఇచ్చేది కూడా అదే. రెండో సీసాలో ఎక్కువ భాగం లినలూల్. ధనియాల నుంచి తీసే తైలంలో పెద్ద వాటా దానిదే. మొక్క పేరు ఒకటే అయినా లోపలి సరుకు వేరు.

ఇది వాసనతో ఆగే సంగతైతే ఇంత రాయనక్కర్లేదు. థైమ్ తైలం పేరు ఎత్తగానే ఇప్పుడు ఎవరైనా చెప్పే మొదటి మాట, "యాంటీఆక్సిడెంట్లు పుష్కలం" అని. అలా చెప్పేవాళ్ళను నేను అడగాలనుకునేది ఒక్కటే. ఏ సీసాలో?

థైమ్ మనకు కొత్త మొక్కే అయినా దాని బంధువులు కొత్తవాళ్ళు కారు. తులసి, పుదీనా, మరువం, వామాకు, థైమ్ అన్నీ ఒకే కుటుంబం. పశ్చిమ మధ్యధరా ప్రాంతపు సున్నపురాతి గుట్టల మీద, జానెడు ఎత్తు పొదలా, బియ్యపుగింజ కన్నా కాస్త పెద్ద ఆకులతో పెరుగుతుంది. థైమస్ ప్రజాతిలో 200కు పైగా జాతులున్నాయి. మన హిమాలయాల్లోనూ ఒక థైమ్ ఉంది. కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో నేలను అంటిపెట్టుకుని పాకే ఆ మొక్కను అక్కడివాళ్ళు 'బన్ అజ్వాయన్' అంటారు, అడవి వాము అని అర్థం. అక్కడివాళ్ళ ముక్కూ మా అమ్మ ముక్కూ ఒకే మాట చెప్పాయన్నమాట.

నిజానికి థైమాల్ చరిత్రలో మన వాముది చిన్న పాత్రేమీ కాదు. 1719లో జర్మన్ రసాయనవేత్త కాస్పర్ నాయ్‌మన్ థైమ్ తైలం నుంచి ఈ స్ఫటికాలను వేరు చేశాడు. 1853లో ఫ్రాన్స్‌కు చెందిన లాలెమాన్ దానికి థైమాల్ అని పేరు పెట్టాడు. పేరు థైమ్‌ది అయినా, తర్వాతి కాలంలో వ్యాపారానికి దొరికిన మంచి ముడిసరుకు వాము. వాము గింజల తైలంలో మూడో వంతు నుంచి సగం పైదాకా థైమాలే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడలెక్కి జర్మనీ వెళ్ళేది, అక్కడ థైమాల్‌గా మారేది. యుద్ధంతో ఆ దారి మూతపడ్డాక దాన్ని ఇక్కడే తయారుచేయాల్సి వచ్చింది.

ఆయుర్వేదం కొట్లో 'వాము పువ్వు' అడిగితే ఇచ్చేది వాము మొక్కకు పూసిన పువ్వు కాదు, ఈ థైమాల్ స్ఫటికాలే. అమృతధార చేసే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇది బాగా తెలుసు. కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు మూడూ గట్టి పదార్థాలు. మూడింటినీ ఒక సీసాలో వేసి మూత పెడితే, చుక్క నీరు పోయకుండానే కాసేపట్లో ద్రవమైపోతాయి. చిన్నప్పుడు మా తాతయ్య చేస్తుంటే అది గారడీ అనుకునేదాన్ని. కొన్ని పదార్థాలు కలిసినప్పుడు వాటి కరిగే ఉష్ణోగ్రత విడివిడిగా ఉన్నప్పటికన్నా బాగా పడిపోతుంది. థైమాల్ ఒక్కటే అయితే 50 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది. మిగతా రెండూ తోడైతే గది వేడికే కరిగి కూర్చుంటుంది.

ఇక రెండో సీసా సంగతి. దానికోసం దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంపెల్యే నగరం దాకా వెళ్ళాలి. ఆ చుట్టుపక్కల గుట్టల మీద దానంతట అదే పెరిగే థైమ్‌ను పరిశీలించిన గ్రాంజే, పాసే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. చూడ్డానికి ఒకేలా ఉన్న ఆ మొక్కల్లో తైలం మాత్రం వేర్వేరు రకాలుగా ఉందని తేల్చారు. వీటిని రసాయన రకాలు అంటారు. ఆ ప్రాంతంలో లెక్కకొచ్చినవి ఆరు. మా అమ్మను తీసుకెళ్ళి ఆ గుట్టల మీద వదిలితే వాటిని ఇలా పోల్చుకుంటుందని నా ఊహ. థైమాల్ రకం వాము. కార్వక్రాల్ రకం కూడా ఇంచుమించు వామే, కాస్త వామాకు వైపు మొగ్గుతుంది. లినలూల్ రకం ధనియాలు. థుయనాల్ రకం మరువం, ఎందుకంటే మరువానికి ఆ వాసన ఇచ్చేది అదే కోవకు చెందిన పదార్థం. జెరానియాల్ రకం గులాబీ. ఆల్ఫా టెర్పినియాల్ రకం దగ్గర కాస్త ముఖం చిట్లిస్తుందేమో, ఇంట్లో నేల తుడిచే తెల్ల ఫినాయిల్‌లో కలిపే పైన్ ఆయిల్ వాసనలో పెద్ద భాగం దానిదే. స్పెయిన్ దాకా వెళ్తే నీలగిరి తైలం వాసన వేసే థైమ్ కూడా ఎదురవుతుంది.

మొక్క తన తైలాన్ని నిర్ణయించుకునే పద్ధతిని మోంపెల్యే పరిశోధకులు వెర్నే, గూయాన్, వాల్దెరాన్ 1986లో వివరించారు. మన చెరువు కింది కాలువతో పోలిస్తే అది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక కాలువ మీద వరసగా ఐదు తూములున్నాయనుకోండి. మొదటి తూము తెరిచి ఉంటే నీళ్ళన్నీ జెరానియాల్ పొలానికే పోతాయి, కింద తూములు తెరిచి ఉన్నా మూసి ఉన్నా వాటికి నీళ్ళు అందవు. మొదటిది మూసి ఉంటే రెండోది, ఆల్ఫా టెర్పినియాల్. అదీ మూసి ఉంటే థుయనాల్, ఆ తర్వాత లినలూల్, ఆ తర్వాత కార్వక్రాల్. పై తూములన్నీ మూసి ఉన్నప్పుడే చిట్టచివరి పొలమైన థైమాల్‌కు నీళ్ళు చేరతాయి. ఇక్కడ తూములంటే జన్యువులు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కో ప్రతి చొప్పున వస్తాయి, రెండింటిలో ఒక్కటి తెరిచే రకమైనా తూము తెరుచుకున్నట్టే. ఇది జన్యువుల పెత్తనపు వరస మాత్రమే. ఆకులో ఒక పదార్థం మరోదానిగా ఇదే క్రమంలో మారుతుందని దీని అర్థం కాదు.

దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది. రెండు థైమాల్ మొక్కల మధ్య పుట్టిన పిల్లలన్నీ థైమాల్ మొక్కలే అవుతాయి, తెరిచే జన్యువు ఎవరి దగ్గరా లేదు కనుక. కానీ జెరానియాల్ మొక్క కింద రాలిన విత్తనాల్లో ఏది ఏ వాసనతో పెరుగుతుందో ముందుగా చెప్పలేం. తెరిచి ఉన్న మొదటి తూము కింద ఏమేం దాగి ఉన్నాయో ఎవరికి తెలుసు? అందుకే ఫలానా తైలమే కావాలనుకున్న రైతు విత్తనం చల్లడు, కొమ్మలు కత్తిరించి అంటు నాటుతాడు.

మోంపెల్యేకు ఉత్తరంగా సాన్ మార్తాన్ ద లోంద్ర్ అనే ఊరుంది. చుట్టూ సున్నపురాతి గుట్టలు, మధ్యలో పళ్ళెంలాంటి లోయ. శీతాకాలం రాత్రుళ్ళు బరువైన చల్లగాలి గుట్టల మీంచి జారి లోయ అడుగున చేరుతుంది, పైకన్నా కిందే చలి ఎక్కువ. ఆ లోయలో పెరిగే థైమ్ లినలూల్, థుయనాల్, టెర్పినియాల్ లాంటి రకాలు. కొద్ది దూరంలో, వేసవికి మాడిపోయే రాతి వాలుల మీద మాత్రం థైమాల్, కార్వక్రాల్. ఈ రెండింటినీ కలిపి ఫినాల్ రకాలు అంటారు. పైవాటిని కిందా, కిందవాటిని పైనా నాటి చూశారు. ఎక్కడి మొక్క అక్కడే బాగుపడింది. శీతాకాలం మొదట్లోనే వచ్చిపడే గడ్డకట్టే చలిని ఫినాల్ రకాలు తట్టుకోలేవని తేలింది. అంటే సీసాలో వాము వాసన రావాలా, ధనియాల వాసన రావాలా అన్నది కొంతవరకు ఒక లోయలో డిసెంబరు రాత్రి చలి తేల్చిందన్నమాట. మొక్కను తినడానికి వచ్చే నత్తలూ గొర్రెలూ కూడా తలో వాసననూ తప్పించుకు తిరుగుతాయి. అందరినీ పారదోలే వాసన ఒక్కటీ లేదు కాబట్టే ఆరూ బతికి ఉన్నాయేమో.

రకం ఒకటే అయినా తైలం ఒకటే అనుకోవడానికి లేదు. థైమాల్ రకాన్నే తీసుకుందాం. అందులో థైమాల్‌తో పాటు గామా టెర్పినీన్, పారా సైమీన్ అని ఇంకో ఇద్దరు ఉంటారు. ఆకులో ముందు గామా టెర్పినీన్ తయారవుతుంది, దాని మీద ఎంజైములు పనిచేస్తే థైమాల్ వస్తుంది. చాలాకాలం పారా సైమీన్ మధ్య మజిలీ అనుకున్నారు. 2021లో వచ్చిన పరిశోధన అది మజిలీ కాదు, దారిలో పక్కకు ఒలికిన సరుకు అని చూపించింది. లేత ఆకుల్లో, చలికాలంలో సాధారణంగా ఆ ఇద్దరి వాటా ఎక్కువ, పూత దశకు వచ్చేసరికి థైమాల్ పైచేయి అవుతుంది. అదే పొదను మార్చిలో కోస్తే ఒక తైలం, మేలో కోస్తే ఒక తైలం.

కోశాక ఆవిరి పెట్టి తైలం తీసేటప్పుడు ఇంకో మలుపు. నిమ్మగడ్డి నూనె తీయడం చూసినవారికి పద్ధతి తెలిసిందే, ఆవిరి గడ్డిలోంచి దూరి తైలాన్ని మోసుకొస్తుంది, చల్లబరిస్తే తైలం నీటి మీద తేలుతుంది. తేలికైన సైమీన్, టెర్పినీన్ ముందు వచ్చేస్తాయి. 232 డిగ్రీల దగ్గర మరిగే థైమాల్ మెల్లగా వస్తుంది. కట్టెలు మిగులుతాయని ముందే మంట ఆపితే థైమాల్ కొంత లోపలే ఉండిపోతుంది. కొంత నీటిలోనూ కరుగుతుంది. మన ఓమ వాటర్‌కు ఆ ఘాటు వచ్చేది అలాగే. ఇంతా చేసి 100 కిలోల ఎండు ఆకు నుంచి దక్కే తైలం ఒకటి, రెండు కిలోలు.

అందుకే మందుల ప్రమాణాలు నిర్ణయించే యూరోపియన్ ఫార్మకోపియా తైలానికి మొక్క పేరుతో సరిపెట్టుకోలేదు. మందుల వాడకానికి పనికొచ్చే థైమ్ తైలంలో థైమాల్ సుమారు 37 నుంచి 55 శాతం మధ్య ఉండాలంది, మిగతా ముఖ్య పదార్థాలకూ హద్దులు గీసింది. ఆ హద్దులు చూడండి, అటూ ఇటూ ఎంత జాగా వదిలారో. మందు నాణ్యత ఉన్న రెండు సీసాల మధ్య కూడా థైమాల్ దాదాపు ఒకటిన్నర రెట్ల దాకా తేడా ఉండొచ్చు. పైగా ఇవాళ థైమాల్‌ను ఏ మొక్కా అక్కర్లేకుండా మెటా క్రెసాల్ నుంచి కర్మాగారంలో చేస్తున్నారు. నాసిరకం తైలంలో అది కాస్త కలిపితే అంకె సరిపోతుంది, ఆ కల్తీని ముక్కు పట్టుకోలేదు.

ఇక యాంటీఆక్సిడెంట్ మాట.

పండక్కి చేసిన జంతికలు డబ్బా అడుగున మిగిలిపోయి, నెల తర్వాత మూత తీస్తే పాత నూనె కంపు కొడతాయి. నూనెలోని కొవ్వు ఆమ్లం నుంచి ఒక హైడ్రోజన్ ఊడిపోతే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. అలా తయారైన కొత్త అణువు నిలకడలేనిది, పక్క కొవ్వు ఆమ్లం నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది. ఇప్పుడు ఖాళీ ఆ పక్కవాడిది. గడ్డివాముల వరసలో ఒక దాని నిప్పు ఇంకోదానికి అంటుకున్నట్టు, ఒక్క మొదలుతో వందల అణువులు చెడతాయి. చివరికి అవి ముక్కలై ఆ కంపు పుడుతుంది.

థైమాల్ ఈ వరసలో అడ్డం నిలబడుతుంది. దాని ఉంగరంలాంటి నిర్మాణానికి ఒక ఓహెచ్ గుంపు అతుక్కుని ఉంటుంది, ఫినాల్ అనే పేరు దానివల్లే. ఆ హైడ్రోజన్‌ను నిలకడలేని అణువుకు తానే ఇచ్చేస్తుంది. ఇచ్చాక తనకూ ఖాళీ ఏర్పడుతుంది కదా అంటారేమో. ఏర్పడుతుంది, కానీ ఆ లోటు ఉంగరం అంతటా పరుచుకుపోవడంతో పక్కవాళ్ళ మీద పడేంత ఆవేశం దానికి ఉండదు. మంట అక్కడితో ఆగుతుంది. కార్వక్రాల్ పనీ ఇదే. రెండింటిలో ఉన్న పరమాణువులు ఒక్కటే, అమరికే వేరు. ఆ చిన్న తేడాకే పొద్దుతిరుగుడు నూనెలో థైమాల్ కాస్త మెరుగ్గా పనిచేసిందని 1999లో ఒక ప్రయోగం తేల్చింది. అదే ప్రయోగంలో పంది కొవ్వులో ఇద్దరూ సమానమే.

లినలూల్‌కూ జెరానియాల్‌కూ కూడా ఓహెచ్ ఉంది, కానీ అది ఫినాల్ ఉంగరానికి అతుక్కున్నది కాదు. అక్కడి హైడ్రోజన్ అంత సులువుగా ఊడిరాదు. కాబట్టి మా మేనకోడలు తెచ్చిన రెండో సీసా ఈ పనిలో దాదాపు చేతులు కట్టుకు కూర్చుంటుంది. 'థైమ్ తైలం బలమైన యాంటీఆక్సిడెంట్' అన్న వాక్యం మొదటి సీసా విషయంలో నిజం, రెండో సీసా విషయంలో కాదు. నేను మొదట్లో అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇది.

మిగతా సగం కొలత పద్ధతిలో ఉంది. ప్రయోగశాలల్లో అన్నిటికన్నా ఎక్కువగా వాడేది డీపీపీహెచ్ పరీక్ష. ఊదారంగు ద్రావణంలో తైలం చుక్క వేస్తారు. హైడ్రోజన్ అందితే ఊదారంగు పోయి పసుపు తేలుతుంది. రంగు ఎంత తగ్గిందో యంత్రం చెబుతుంది. చవక, తేలిక, అరగంటలో అయిపోతుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ సీసాలో కొవ్వు లేదు, ఆక్సిజన్‌తో సాగే గొలుసూ లేదు. పైగా ద్రావకంగా వాడే మెథనాల్ ఫినాల్ హైడ్రోజన్‌ను పట్టుకుని ఉంచి పని నెమ్మది చేస్తుంది. ఒక ప్రయోగశాల అరగంట ఆగితే, ఇంకో ప్రయోగశాల గంట ఆగుతుంది. ఒకే తైలానికి రెండు చోట్ల రెండు అంకెలు రావడానికి ఇన్ని దారులున్నప్పుడు, వేర్వేరు దేశాల వేర్వేరు రకాల తైలాల అంకెలను పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో చెప్పడం సాహసమే.

ఈ పరీక్ష సరిగా గుర్తించలేని పనివాడు ఒకడున్నాడు. గామా టెర్పినీన్‌కు ఓహెచ్ లేదు, ఊదారంగు ద్రావణంలో అది పెద్దగా లెక్కలోకి రాదు. 2003లో ఫోటి, ఇంగోల్డ్ అనే రసాయనవేత్తలు దాన్ని కొవ్వులో పెట్టి చూశారు. కుళ్ళే గొలుసులో అది తానూ దూరుతుంది, తను పారా సైమీన్‌గా మారిపోతూ ఒక చురుకైన చిన్న అణువును బయటికి పంపుతుంది. ఆ చిన్నది పరుగున వెళ్ళి గొలుసు నడిపిస్తున్న అణువును ఢీకొని ఇద్దరూ శాంతిస్తారు. అంటే చలికాలంలో కోసిన, థైమాల్ తక్కువున్న తైలం కూడా పూర్తిగా వట్టిది కాదు. థైమాల్ శాతం ఒక్కటి చూసి తీర్పు చెప్పేవాళ్ళకు ఇది చిన్న మొట్టికాయ.

ఇంకొక తికమక మన పత్రికల్లో కూడా కనిపిస్తుంది. థైమ్ ఆకు గురించి చెప్పిన మాటను థైమ్ తైలానికి అంటగట్టడం. ఆకులో రోజ్‌మరినిక్ ఆమ్లం, ఫ్లేవనాయిడ్లు ఉంటాయి, అవి మంచి యాంటీఆక్సిడెంట్లే. కానీ అవి ఆవిరిలో ఎగిరేవి కావు. తైలం తీశాక అడుగున మిగిలే పిప్పిలో ఉండిపోతాయి. థైమ్ ఆకు వేసి కాచిన కషాయం ఒకటి, తైలం ఒకటి. ఒకదాని మంచి రెండోదానికి చెందదు.

సరే, ఇవన్నీ సీసాలోని నూనె సంగతి. ఒంట్లోకి వెళ్తే? ఇక్కడే ప్రకటనలకు నోరు మరీ పెద్దది. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 మందికి సుమారు ఒక మిల్లీగ్రాము థైమాల్ ఉన్న థైమ్ మాత్ర ఇచ్చి, వాళ్ళ రక్తాన్ని పరీక్షించారు. రక్తంలో థైమాల్ థైమాల్‌గా కనిపించనే లేదు. దాని సల్ఫేట్ రూపం మాత్రమే దొరికింది. శరీరం బయటి పదార్థాన్ని పంపించేసే ముందు దాని ఓహెచ్ గుంపుకు ఒక సల్ఫేట్ మూతో, చక్కెర మూతో బిగిస్తుంది. జంతికల నూనెను కాపాడిన పనిముట్టు అదే కదా. దానికే మూత పడ్డాక ఊదారంగు పరీక్షలో వచ్చిన అంకెకు ఒంట్లో విలువ ఏముంటుంది? థైమ్ దగ్గుకు పనికొస్తుందో లేదో వేరే ప్రశ్న, దానికి వేరే దారులుండొచ్చు. యాంటీఆక్సిడెంట్ అనే దారిలో మాత్రం చెప్పకూడదు.

ఇది థైమ్ ఒక్కదాని కథ కాదు. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఏ ఆహారంలో యాంటీఆక్సిడెంట్ శక్తి ఎంతో అంకెలతో ఒక పట్టిక పెట్టింది. మసాలా దినుసులు అందులో పై వరసల్లో ఉండేవి. పరీక్షనాళికలోని అంకెకూ ఒంట్లో ఫలితానికీ సంబంధం రుజువు కాలేదనీ, కంపెనీలు ఆ అంకెలను ప్రకటనలకు వాడుకుంటున్నాయనీ 2012లో తీసేసింది. అంతకు ముందే ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద జరిగిన పెద్ద అధ్యయనం గట్టి పాఠమే చెప్పింది. యాంటీఆక్సిడెంట్ అని పేరున్న బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. 1994లో ఆ ఫలితం వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా 'పుష్కలం' అనే మాట మాత్రం అలాగే ఉంది.

మరి ఈ గుణం ఎందుకూ పనికిరాదా అంటే, పనికొస్తుంది, బయట. వంటనూనెలు చెడకుండా కలిపే టీబీహెచ్‌క్యూ లాంటి కృత్రిమ పదార్థాలకు బదులుగా థైమాల్‌ను వాడాలనీ, ఆహారం చుట్టే పొరల్లో దాన్ని పొదగాలనీ ప్రయత్నాలు సాగుతున్నాయి. అడ్డం వచ్చేది దాని వాసన. నూనెను కాపాడేంత మోతాదు వేస్తే పాయసం కూడా వాము వాసనే వేస్తుంది. జంతికల్లో ఆ బాధ లేదు కానీ, వాము వేసినందువల్ల జంతికలు ఎక్కువ రోజులు నిలవుంటాయని నేను చెప్పబోవడం లేదు. కాగిన నూనెలో ఎంత ఎగిరిపోతుందో, ఎంత మిగులుతుందో వంట వంటకూ మారుతుంది.

ఒక వింత మాత్రం చెప్పాలి. యాంటీఆక్సిడెంట్ అని కొనుక్కున్న ఆ తైలం కూడా గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతుంది. మూత సరిగా పెట్టని సీసాలో గామా టెర్పినీన్ మెల్లగా పారా సైమీన్ అవుతుంది. లినలూల్ గాలితో కలిసి తయారుచేసే కొన్ని పదార్థాలు చర్మానికి అలర్జీ తెప్పిస్తాయి. కిటికీలో ఎండకు పెట్టిన పాత సీసాను నేనైతే వాడను. ఫినాల్ రకం తైలం కొత్తదైనా నేరుగా చర్మానికి పట్టిస్తే మంట పుట్టిస్తుంది. చుక్కలుగా మింగడం, పసిపిల్లల ముక్కు దగ్గర పెట్టడం అసలు చేయకూడని పనులు. గింజ నమిలినట్టు కాదిది, కిలోల కొద్దీ ఆకు ఘాటు ఆ చిన్న సీసాలో ఉంది. కొనాలనుకుంటే మొక్క పేరు పక్కన రసాయన రకం రాసి ఉందా, ఏ ఏడాది కోతో ఉందా చూడండి. మంచి తయారీదారులు ఆ సీసా తాలూకు విశ్లేషణ కాగితం అడిగితే ఇస్తారు.

మా మేనకోడలు ఈసారి వెళ్ళేటప్పుడు సాన్ మార్తాన్ లోయ సంగతి అడిగింది. చదివింది చెప్పాను. 1970ల మొదట్లో అక్కడ ఏ మొక్క ఎక్కడుందో పరిశోధకులు పటం గీసి పెట్టుకున్నారు. జాన్ థామ్సన్ అనే శాస్త్రవేత్త బృందం 2009, 2010లో అవే చోట్లకు మళ్ళీ వెళ్ళింది. 2013లో ఫలితం ప్రచురించింది. వెనకటి మాదిరి గడ్డకట్టే రాత్రులు ఆ లోయలో ఇప్పుడు బాగా తగ్గాయి. ఒకప్పుడు ధనియాల వాసన, మరువం వాసన తప్ప ఇంకోటి లేని కొన్ని చోట్ల థైమాల్, కార్వక్రాల్ మొక్కలు మొలిచాయి. వాము వాసన గుట్ట దిగి లోయలోకి వస్తోంది.

"అయితే వచ్చేసారి నాయనమ్మకు రెండు సీసాలూ వామే అనిపిస్తాయేమో అత్తా" అంది.

అమ్మ పక్కగదిలోంచి, "అప్పుడు కర్నూలు వామే కొనుక్కుందాంలే, చవగ్గా వస్తుంది" అంది.